కారు తుడిచేటప్పుడు పెయింట్ మీద గీతలు పడకూడదంటే ఎట్లాంటి మైక్రోఫైబర్ టవల్ కొనాలి: మన సీమ దుమ్ముకి, బోరు నీళ్లకి సరిపోయే మార్గదర్శి

మా కారు నల్లది. కొన్న ఏడో నెలలో ఒకరోజు పొద్దున్నే అనంతపురంలో టీ కొట్టు ముందు ఆపితే ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడింది, చూస్తే బానెట్ అంతా సాలెగూడు అల్లినట్టు సన్నసన్న గీతలు. యాడా తగిలించలేదు, పిల్లోళ్లు గీకిందీ లేదు, మరి ఇవి యాడనుంచి వచ్చినాయి అని నాలుగు రోజులు బుర్ర పట్టుకున్నాను. తర్వాత శనివారం కడిగించే చోట నిలబడి చూస్తే అర్థమైంది, ఒకటే టవల్, దాంతోనే చక్రాలు, దాంతోనే డోర్ల కింద బురద, బకెట్లో ఒకసారి ముంచి పిండి మళ్లీ దాంతోనే బానెట్. ఇంట్లో మా నాయన అయితే ప్రేమకొద్దీ రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులిపేవాడు, అది ఇంకా జాస్తి దెబ్బ అని అప్పుడు ఇద్దరికీ తెలియదు. అప్పట్నుంచి టవళ్లు కొని, ఉతికి, పాడుచేసి, నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నా, కర్నూలు, కడప, అనంతపురం యాడ ఉన్నా మన దుమ్ము మన నీళ్లు ఇంచుమించు ఒకటే కాబట్టి పనికొస్తుంది.

ముందు గీత ఎట్లా పడుతుందో తెలుసుకోండి

కారు రంగు పైన క్లియర్ కోట్ అని రంగు లేని పొర ఒకటి ఉంటుంది, మెరుపంతా దానిదే. దాని మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్ల ప్రాంతం, తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే దానికన్నా పలచన. పాలిష్ కొట్టి గీతలు తీయించుకోవచ్చు కానీ తీయడం అంటే ఆ పొరనే కొంచెం అరగదీయడం, ఎన్నిసార్లంటే అన్నిసార్లు కుదరదు.

ఇప్పుడు మన దుమ్ము సంగతి. మన ఎర్రమట్టి గ్రానైట్, నీస్ లాంటి రాళ్లు వేల ఏళ్లు అరిగి వచ్చిన మట్టి, అందులో పలుగురాయి నలుసులు బాగా ఉంటాయి. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో పలుగురాయి 7, కిటికీ అద్దం 5.5 దగ్గర. అద్దాన్నే గీకగలిగిన నలుసుకి క్లియర్ కోట్ ఒక లెక్కా. తాడిపత్రి, బేతంచెర్ల వైపు తిరిగే వాళ్లకి బండల పాలిష్ దుమ్ము, ఎర్రగుంట్ల వైపు అయితే సిమెంటు దుమ్ము కూడా తోడు.

కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఏందంటే గీత పెట్టేది చాలాసార్లు గుడ్డ కాదు, గుడ్డకీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కున్న నలుసు. మంచి టవల్ అంటే ఆ నలుసు దూరడానికి లోపల చోటు ఉన్న టవల్. అంటే నూగు ఉండాలి. బనియన్ గుడ్డ, పాత లుంగీ, గొట్టంలో పెట్టి అమ్మే పసుపురంగు షామీ, వీటికి నూగు ఉండదు, నలుసు పోవడానికి దారి లేక పెయింట్‌కే ఒత్తుకుని చివరిదాకా గీసుకుంటా పోతుంది. షామీ నీళ్లు బాగా పీలుస్తుంది, అందులో అనుమానం లేదు, కానీ మన దుమ్ములో దాన్ని పెయింట్ మీద నేను పెట్టను, అద్దాలకి వాడుకోండి.

పోగు గురించి

కారు టవళ్లలో వాడే మైక్రోఫైబర్ మామూలుగా పాలిస్టర్, పాలిమైడ్ (అంటే నైలాన్), ఈ రెండూ కలిపి తీసిన పోగు. ఒక పోగు ఒక డెనియర్ కన్నా సన్నగా ఉంటేనే దాన్ని మైక్రోఫైబర్ అంటారు. డెనియర్ మాట మన ధర్మవరం పట్టు నేసేవాళ్లకి కొత్త కాదు, పట్టు నూలు కూడా డెనియర్లలోనే కొంటారు. 9,000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే అది ఒక డెనియర్. పట్టుపురుగు తీసే ఒంటి దారం ఇంచుమించు అంత ఉంటుంది, దానికన్నా సన్నం అన్నమాట ఇది.

తయారీలో ఆ పోగుని నిలువునా చీలుస్తారు, అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే బత్తాయి తొనలు విడదీసినట్టు ఉంటుంది. ఆ చీలికల సందుల్లోకే నీళ్లు, దుమ్ము పోతాయి. చీల్చని పోగుతో చేసిన టవల్ చేతికి మెత్తగానే ఉంటుంది, నీళ్లు మాత్రం పీల్చదు, ముందుకి నెట్టుకుంటా పోతుంది. బజార్లో చవగ్గా దొరికే వాటిలో చాలా వాటికి ఇదే రోగం.

అట్ట మీద 80:20 అనో 70:30 అనో రాసి ఉంటుంది, మొదటిది పాలిస్టర్ వంతు, రెండోది పాలిమైడ్ వంతు. పాలిమైడ్ జాస్తి ఉంటే కొంచెం మెత్తదనం, కొంచెం పీల్చుడు పెరుగుతాయి. కానీ 70:30 కోసం పట్టుబట్టి వెతకాల్సిన పని లేదని నా అభిప్రాయం, బాగా చీల్చిన 80:20 మన పనికి చాలు, పైగా అట్ట మీది అంకె నిజమో కాదో ఇంట్లో తేల్చుకునే దారి కూడా లేదు. 100 శాతం పాలిస్టర్ అని ఉంటే మాత్రం పెయింట్ తుడవడానికి తీసుకోవద్దు.

నేత ఏది తీసుకోవాలి

మూడు రకాలు కనపడతాయి. మెలితిప్పిన లూపులు పక్కపక్కన వరసగా ఉండేది ట్విస్ట్ లూప్. తేనెపట్టు గడుల్లా ఉండేది వాఫిల్. పిల్లి బొచ్చు మాదిరి మెత్తగా ఉండేది ప్లష్.

నీళ్లు తీయడానికి నా ఓటు ట్విస్ట్ లూప్‌కే. తడి పెయింట్ మీద పరిచి లాగితే జారుకుంటా వస్తుంది, చేత్తో ఒత్తాల్సిన పని లేదు, లూపుల మధ్య లోతు ఉంటుంది కాబట్టి పొరపాటున మిగిలిన నలుసు ఉన్నా అందులోకి పోతుంది. దీనికి ఉన్న ఇబ్బంది ఒకటే, నంబర్ ప్లేటు మూలలకి, కారు పేరు అక్షరాలకి, వైపర్‌కి లూపు తగులుకుని పోగు లేస్తుంది, లేచిన పోగుని లాగొద్దు, కత్తెరతో కత్తిరించేయండి. వాఫిల్ పలచన, తొందరగా ఆరుతుంది, అద్దాల మీద గీర లేకుండా వస్తుంది, కానీ నూగు లేదు కాబట్టి బానెట్ మీద వాడాలంటే కారు పూర్తిగా శుభ్రంగా ఉండాలి, మన ఊళ్లో కడిగిన పది నిమిషాలకే మళ్లీ దుమ్ము వాలుతుంది కాబట్టి నేను అద్దాల వరకే ఉంచుకున్నా. ప్లష్ చిన్నవి, 40×40 సెంటీమీటర్లవి, చివర్లో మిగిలిన తడి అద్దడానికి చాలా బాగుంటాయి.

జీఎస్‌ఎం, దాన్ని కాటాలో పెట్టి తేల్చుకోవడం

జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. నీళ్లు తీసే పెద్ద టవల్‌కి 500 నుంచి 800 మధ్య ఉంటే హాయిగా పని జరుగుతుంది. అద్దే చిన్న ప్లష్‌కి 350 నుంచి 500 చాలు. 1,200, 1,400 అని రాసినవి చూసి ఎక్కువుంటే మంచిదేమో అనుకుంటాం, అవి నీళ్లు పీల్చిన తర్వాత తడి కంబళి మోసినట్టు ఉంటాయి, పిండలేం, డోర్ మీద ఒంటిచేత్తో పట్టుకోలేం, లోపలిదాకా ఆరడానికి బాగా టైం పడుతుంది, ఆరకపోతే వాసన. ఎస్‌యూవీ ఉన్నవాళ్లు కావాలంటే 1,000 దాకా పోండి, హ్యాచ్‌బ్యాక్‌కి అంత అక్కర్లేదు.

ఈ అంకె మాత్రం మీరే తూకం వేసి చూసుకోవచ్చు, ఇంట్లో కాటా లేకపోతే కిరాణా కొట్లో పెట్టించండి. 60×90 సెంటీమీటర్ల టవల్ అంటే 0.54 చదరపు మీటర్లు. 600 జీఎస్‌ఎం అని రాస్తే 324 గ్రాములు తూగాలి, 1,000 అంటే 540. 40×40 టవల్ 0.16 చదరపు మీటర్లు, 350 జీఎస్‌ఎం అయితే 56 గ్రాములు. నేను ఒకసారి 1,200 అని రాసి ఉన్న 60×90 టవల్ తెప్పిస్తే 410 గ్రాములే వచ్చింది, భాగిస్తే 760 కూడా లేదు. టవల్ చెడ్డది కాదు, ఇప్పటికీ వాడుతున్నా, కానీ 1,200కి అని చెప్పి డబ్బులు తీసుకున్నారు కదా. వెనక్కి పంపే గడువు లోపలే తూకం వేసుకోండి.

అంచు చూడండి, లేబుల్ చూడండి

దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా మామ ఒకాయన ధర్మవరంలో మగ్గం నేసినాయన, నేను తెచ్చిన టవల్ వెలుతురుకి పట్టి అటూఇటూ తిప్పి, "ఏమప్పా, నడుమ అంత మెత్తగా నేసి అంచుకి ఇట్లా గట్టి దారం కొట్టినారే, చీరకైనా ఫస్టు అంచే కదా చూసేది" అన్నాడు. అక్షరాలా నిజం. రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లు వాడే ఓవర్‌లాక్ కుట్టు తెలుసు కదా, చాలా టవళ్ల అంచుకి అదే ఉంటుంది, అందులో నైలాన్ దారం పడితే ఎండిన తర్వాత గరుగ్గా తయారై, నలుసు లేకపోయినా అదే గీకుతుంది.

అంచుల్లో నాకు నచ్చేది అసలు కుట్టే లేకుండా అల్ట్రాసోనిక్‌తో, అంటే చాలా వేగంగా అదిరే మిషన్‌తో కోసింది, లేదంటే మైక్రోఫైబర్ గుడ్డనే పట్టీగా మడిచి కుట్టింది. శాటిన్ పట్టీ ఉన్నది కూడా మెత్తగానే ఉంటుంది కానీ ఉతికేకొద్దీ దాని కుట్టు లేస్తుందేమో చూసుకుంటా ఉండాలి. కోసిన అంచులో కూడా కొన్నిట్లో వేడికి కరిగి గట్టిపడిన గీత ఉంటుంది, వేలు పెట్టి నాలుగు వైపులా తడిమితే తెలుస్తుంది. లేబుల్ కుట్టి ఉంటే వాడకముందే తీసేయండి. పైపైన కత్తిరిస్తే కుట్టులో మొండి ముక్క మిగులుతుంది, అది లేబుల్ కన్నా గట్టిది, దారం విప్పి మొత్తం లాగేయాలి. అతికించిన స్టిక్కర్ అయితే జిగురు మిగలకుండా పోయేదాకా ఉతకండి.

ఇంట్లో చేసే పరీక్షలు

ముందు ఒకసారి ఉతకండి, కొత్త టవల్‌కి ఫ్యాక్టరీ పూత, రాలే పోగులు, దిగే రంగు అన్నీ ఉంటాయి. ఎర్రవి, ముదురు నీలం రంగువి అయితే రెండుసార్లు. ఆరిన తర్వాత ఇవి చూడండి.

పాత సీడీ ఒకటి తీసుకోండి, ఏ ఇంట్లో అయినా అటక మీద ఉంటాయి. వెనక మెరిసే వైపు పాలీకార్బొనేట్, క్లియర్ కోట్ కన్నా మెత్తన. ముందు దాన్ని కడిగి, దుమ్ము లేకుండా చేసి, టవల్ నడుమ భాగంతో ఒక చోట, అంచుతో ఇంకో చోట, కుట్టుతో ఇంకో చోట మామూలుగా తుడిచినట్టు ఇరవైసార్లు రుద్దండి. ఫోన్ టార్చ్ కింద చూడండి. నడుమ రుద్దిన చోట ఏమీ లేకుండా అంచు రుద్దిన చోట గీతలు కనపడితే ఆ టవల్ పెయింట్‌కి వద్దు. సీడీ కారు కాదు, దాని మీద గీత పడితే కారు మీద కూడా పడి తీరుతుందని కాదు, కానీ అంతదానికి మన బానెట్ మీదే ప్రయోగం ఎందుకు.

అద్దం మీద స్పూనుడు నీళ్లు పోసి, టవల్‌ని ఒత్తకుండా దాని మీదుగా లాగండి. ఒక్క లాగుడుకి నీళ్లు మాయమైతే పోగు బాగా చీల్చినట్టు. బొట్లు బొట్లుగా ముందుకి పోతే చీల్చనిదన్నా అయి ఉండాలి, పూత పూర్తిగా పోలేదన్నా అయి ఉండాలి, ఇంకోసారి ఉతికి చూడండి, అప్పుడూ అంతే అయితే వెనక్కి పంపేయండి.

అనుమానం వచ్చినప్పుడు అంచునుంచి ఒక పోగు లాగి చిమటాతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చి చూడొచ్చు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుందని మనవాళ్లకి తెలిసిందే, నూలు అయితే కాగితంలా బూడిద అవుతుంది, మైక్రోఫైబర్ ముడుచుకుని గట్టి పూస అవుతుంది. బూడిద వచ్చిందంటే అందులో నూలు కలిసిందని అర్థం.

టవల్ అరచేతి పగుళ్లకి పట్టుకుంటే చాలామంది గరుకు అనుకుని పక్కన పడేస్తారు, అట్లా చేయొద్దు, చీలిన పోగు చర్మానికి తగులుకోవడం మామూలే.

ఇక తుడిచే విధానం

ఎంత మంచి టవల్ అయినా సరిగ్గా కడగని కారు మీద పెడితే దండగ. షాంపూతో కడిగి, బాగా నీళ్లు కొట్టి, ఆ తర్వాత పైపుకి ముందున్న గన్ తీసేసి కారు పైకప్పు (టాప్) మీదనుంచి నీళ్లు మెల్లగా దుప్పటి పరిచినట్టు వదలండి, జారే నీళ్లతో పాటు బొట్లు చాలావరకు దిగిపోతాయి, టవల్‌కి సగం పని తగ్గుతుంది. బ్లోయర్ ఉంటే అద్దాల సందులు, లైట్ల చుట్టూ ఉన్న నీళ్లు దాంతో ఊదేయండి.

మనకి ఉన్న ఇంకో కష్టం బోరు నీళ్లు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు జాస్తి, ఎండకి బొట్టు ఆరితే తెల్ల మచ్చ మిగులుతుంది, దాన్ని అట్లాగే వదిలేస్తే క్లియర్ కోట్‌లోకి గుంత పడేదాకా పోతుంది. అందుకే అందరం హడావిడిగా రుద్దేస్తాం, ఆ హడావిడిలోనే గీతలు. దీనికి మందు టైం మార్చుకోవడమే, ఎండాకాలం అయితే సూర్యుడు రాకముందే, లేదా సాయంత్రం బానెట్ చల్లబడిన తర్వాత, నీడలో. ఇంకో ఉపాయం, ఆఖరి నీళ్లు మాత్రం ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లు, అర క్యాను అంటే పది లీటర్లు చాలు, చెంబుతో పైనుంచి పోసేస్తే బోరు నీళ్లు కొట్టుకుపోతాయి. ఇంట్లో ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వాడొద్దు, వృథా ఎందుకని చాలామంది కారుకి పోస్తున్నారు, ఉప్పులన్నీ చిక్కబడేది ఆ నీళ్లలోనే.

టవల్‌ని కొంచెం తడిపి పిండి పెట్టుకోండి, కొంచెం తడి ఉన్నది మొదట్నుంచే బాగా పీలుస్తుంది. క్విక్ డీటెయిలర్ స్ప్రే ఉంటే ఒక్కో భాగానికి రెండు పిచికారీలు, టవల్ జారడానికి. టాప్‌తో మొదలుపెట్టి అద్దాలు, బానెట్, డిక్కీ, తర్వాత డోర్ల పైభాగం. బానెట్ మీద టవల్ పూర్తిగా పరిచి, రెండు మూలలు పట్టుకుని మీ వైపు మెల్లగా లాగండి, అరచెయ్యి దాని మీద పెట్టొద్దు, టవల్ బరువే చాలు. డోర్ల మీద పరచడం కుదరదు కదా, నాలుగు మడతలు వేసి అద్దుకుంటా పోండి, ఒక మడత తడిసిపోతే ఇంకో మడత. గుండ్రంగా తిప్పొద్దు. డోర్ల కింది భాగానికి, చక్రాల పైన వంపుకి వేరే టవల్, అది మళ్లీ పైకి రాకూడదు.

టవల్ కింద పడిందా, ఆ రోజుకి దాని పని అయిపోయింది. దులిపితే పోదు. మన వాకిలి మట్టి ఎట్లాంటిదో పైన చెప్పుకున్నాం కదా, అందుకే పక్కన ఎప్పుడూ ఇంకోటి పెట్టుకుని మొదలుపెట్టండి. కార్‌కి మొత్తం పెద్దది ఒకటి, చిన్న ప్లష్‌లు రెండు మూడు, అద్దాలకి వాఫిల్ ఒకటి, కింది భాగాలకి పాతది ఒకటి ఉంటే సరిపోతాయి.

రోజూ పొడిగా దులిపే అలవాటు ఉన్నవాళ్లు, అపార్ట్‌మెంట్లలో నెలకింత అని ఇచ్చి పొద్దున్నే తుడిపించుకునేవాళ్లు, దయచేసి ఆపించండి. పొడి దుమ్ము మీద ఎంత ఖరీదైన మైక్రోఫైబర్ అయినా ఉప్పుకాగితమే. దుమ్ముతో ఉన్న కారు అసహ్యంగా కనపడుతుంది కానీ పాడవ్వదు, వారానికి ఒకసారి నీళ్లు పెట్టి కడుక్కోండి.

ఉతకడం, ఆరబెట్టడం

వేరే బట్టలతో కలపొద్దు, నూలు బట్టల పోగులు దీనికి అంటుకుంటే మళ్లీ రావు. లిక్విడ్ డిటర్జెంట్ కొంచెం, చల్ల నీళ్లు లేదా గోరువెచ్చని, 40 డిగ్రీలు దాటకుండా. పౌడర్ మన గట్టి నీళ్లలో పూర్తిగా కరక్క పలుకులు మిగులుతాయి. సబ్బు బిళ్ల రుద్ది బండ మీద బాదడం అస్సలు వద్దు, గట్టి నీళ్లలో సబ్బు విరిగి తెల్లటి జిడ్డులా పోగుల్లో పేరుకుంటుంది, బండ మీది ఇసుక దీంట్లోకి ఎక్కుతుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పోగుకి పూత పట్టి నీళ్లు పీల్చడం మానేస్తుంది, బ్లీచ్ వేస్తే పోగు చెడుతుంది. ఇస్త్రీ వద్దు, నైలాన్ కరిగేదాకా పోనవసరం లేదు, కొసలు వేడికి గట్టిపడితే చాలు అదే గీకుతుంది.

బోరు నీళ్లతోనే ఉతికితే నాలుగైదు ఉతుకులకి టవల్ అప్పడంలా బిరుసెక్కుతుంది, అది నీళ్లలోని ఉప్పు పోగుల్లో ఉండిపోవడం వల్ల. చివరి జాడింపులో రెండు స్పూన్ల తెల్ల వెనిగర్ వేసి పది నిమిషాలు నానబెట్టి, ఆర్వో నీళ్లలో ఒకసారి తీస్తే మళ్లీ మెత్తబడుతుంది.

ఆరేసేది ఇంట్లో ఫ్యాను కింద. మిద్దె మీద తీగకి వేస్తే, ముఖ్యంగా ఆషాఢం గాలికి, ఒక గంటలో ఎర్రమట్టి అంతా నూగులోకి దూరి ఉంటుంది, పైకి కనపడదు, వచ్చే వారం బానెట్ మీదికి మీరే తీసుకుపోతారు. ఆరినాక మూత ఉన్న డబ్బాలో పెట్టండి, కారు డిక్కీలో విడిగా పడేయొద్దు.

ఎప్పుడు పక్కన పెట్టాలంటే, ఉతికినా మెత్తబడనప్పుడు, నూగు అణిగిపోయి ఉండలు కట్టినప్పుడు, లేదా వెలుతురుకి పెట్టి చూస్తే ఇసుకో గడ్డి పరకో ఇరుక్కుని కనపడినప్పుడు. పారేయక్కర్లేదు, పెయింట్ నుంచి దించి డోర్ సందులకి, ఆ తర్వాత చక్రాలకి, చివరికి ఇంజన్ తుడవడానికి వాడుకోవచ్చు. కలిసిపోకుండా దించిన ప్రతి టవల్‌కి మూలలో కత్తెరతో చిన్న గాటు పెడతాను నేను. గాటున్నది బానెట్ మీదికి పోకూడదని ఇంట్లో అందరికీ చెప్పేసినా, మా నాయన కూడా ఇప్పుడు టవల్ అందుకుంటే మొదట మూలలు తడిమి చూస్తాడు.